గ్యారేజీ గోడ మూసేముందు

మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల చుట్టూ ఉన్న ప్లిమత్, మేపుల్ గ్రోవ్, ఈడెన్ ప్రైరీ వంటి ఊళ్లలో మన తెలుగువాళ్లు కొనుక్కునే ఇళ్లకు చాలామటుకు గ్యారేజీ ఇంటిని ఆనుకునే ఉంటుంది. ఇల్లు కట్టినవాళ్లు ఇంటికీ గ్యారేజీకీ ఉమ్మడిగా ఉన్న గోడకు మాత్రం డ్రైవాల్ (జిప్సం పలకలు) బిగించి, తక్కిన గోడలను స్టడ్లనే నిలువు చెక్క కమ్మీలూ, వాటి వెనకనున్న చెక్క పలకలూ కనబడేలా అలాగే వదిలేయడం తరచుగా చూస్తుంటాం. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పడిపోయినప్పుడు ఆ పలకల్లోంచి లోపలికి పొడుచుకొచ్చిన మేకుల మొనల మీద మంచు పేరుకుని, ప్రతి మొనా విడివిడిగా తెల్లబడి కనిపిస్తుంది. అది చూశాక ఆ గోడలకు ఇన్సులేషన్ పెట్టి మూసేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. మా గ్యారేజీకి ఆ పని పూర్తయిన దగ్గర్నుంచి మిత్రులు అడిగే మొదటి ప్రశ్న, ఏ రకం ఇన్సులేషన్ వాడారు, దాని ఆర్ విలువ, అంటే చలిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకె, ఎంత అని. నా ఉద్దేశంలో ఆ ప్రశ్నకు రావలసిన వంతు బాగా వెనక ఉంది. ఒకసారి మూసిన గోడను మళ్లీ ఎవరూ సరదాకు తెరవరు కాబట్టి, తెరిచి ఉన్నప్పుడు ఏమేం చేశామన్నదే రాబోయే ఇరవై, ముప్పై ఏళ్లకు ఆ గోడ మంచిచెడ్డలను నిర్ణయిస్తుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం అందుకే కేటాయిస్తున్నాను.

మనం పెరిగిన ఇళ్లలో గోడ అంటే ఇటుకా, సిమెంటూ, పైన గిలాబా. గోడ లోపల ఏముందని ఆలోచించవలసిన అవసరం మనకు ఎన్నడూ రాలేదు. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు మెటికలతో గోడను తట్టి చూసి, "లోపలంతా బోలుగా ఉందేమిట్రా, ఇది నిలుస్తుందా?" అని నిజంగానే ఆందోళన పడ్డారు. ఆ గోడ నిలుస్తుంది. అయితే దానిలో ఒక్కొక్క పనిని ఒక్కొక్క పొర చేస్తుంది. బరువును స్టడ్లు మోస్తాయి, గాలి ఒత్తిడికి ఇల్లు పక్కకు ఒరగకుండా బయటి చెక్క పలకలు పట్టి ఉంచుతాయి, వానను బయటి సైడింగూ దాని వెనకనున్న పొరా ఆపుతాయి, చలిని స్టడ్ల నడుమ కూర్చిన ఇన్సులేషన్ నెమ్మదింపజేస్తుంది, నిప్పును లోపలి జిప్సం పలక కొంతసేపు నిలవరిస్తుంది. ఇటుక గోడలో ఈ పనులన్నిటినీ ఒకే పదార్థం మంచికో చెడుకో తానే చేస్తుంది. ఇక్కడ ఒక పొరను ఏమరుపాటుగా వదిలేస్తే దాని పనిని పక్క పొర అందుకోదు.

కనుక మొదట చూడవలసింది మూయని గోడలను కాదు, ఇదివరకే మూసి ఉన్న ఉమ్మడి గోడను. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా గృహనిర్మాణ నియమావళి ప్రకారం ఇంటికీ గ్యారేజీకీ మధ్యనున్న గోడకు గ్యారేజీ వైపున కనీసం అర అంగుళం మందం గల జిప్సం పలక ఉండాలి. గ్యారేజీ పైన పడకగది వంటిదేదైనా ఉంటే కప్పుకు ఎనిమిదింట అయిదు వంతుల అంగుళం మందం గల, టైప్ ఎక్స్ అనే రకం పలక వేయాలి. జిప్సం స్ఫటికాల్లో బరువులో నూటికి ఇరవై పాళ్లకు కాస్త పైగా నీరు రసాయనికంగా బంధించబడి ఉంటుంది. మంట తగిలినప్పుడు ముందుగా ఆ నీరు ఆవిరై పోవాలి, అది పోయేంతవరకూ పలక వెనకనున్న చెక్క అంతగా వేడెక్కదు. టైప్ ఎక్స్ పలకలో గాజు నూలు కూడా కలుపుతారు కాబట్టి నీరంతా పోయిన తరువాత కూడా పలక ముక్కలై రాలిపోకుండా మరికొంతసేపు నిలుస్తుంది. ఇంట్లో వాళ్లు నిద్ర లేచి బయటపడడానికి కావలసిన వ్యవధిని ఇచ్చేది ఈ పొరే. ఆ గోడకున్న తలుపు కూడా ఇంట్లో గదుల మధ్య వాడే తేలికపాటి బోలు తలుపు కాకూడదు. కనీసం 1⅜ అంగుళాల మందం గల గట్టి చెక్క తలుపో, ఉక్కు తలుపో, ఇరవై నిమిషాలు మంటను ఆపగలదని ధ్రువీకరించిన తలుపో ఉండాలి. పడకగదిలోకి గ్యారేజీనుంచి నేరుగా దారి ఉండకూడదు. ఊరును బట్టి ఈ నిబంధనల్లో చిన్న చిన్న మార్పులు ఉంటాయి కాబట్టి సొంత ఊరి భవన విభాగం ఏమంటుందో చూసుకోవడం తప్పనిసరి.

నిప్పు కన్నా నిశ్శబ్దంగా వచ్చేది గాలి. కారులోంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. చలికాలంలో చల్లటి ఇంజను తిప్పిన మొదటి నిమిషాల్లో అది మరీ ఎక్కువగా వస్తుంది. ఇల్లు వెచ్చగా ఉండి, వెచ్చటి గాలి పై అంతస్తులోని సందుల గుండా బయటికి పోతుంటే ఆ ఖాళీని పూరించడానికి కింది భాగంలో ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి గాలి లోపలికి వస్తుంది. ఆ సందు గ్యారేజీ గోడలో ఉంటే వచ్చేది గ్యారేజీలోని గాలే. కారు పొగతో పాటు, గడ్డి కోసే యంత్రం కోసం అట్టేపెట్టిన పెట్రోలు ఆవిరి, రంగు డబ్బాల వాసన కూడా అదే దారిన ఇంట్లోకి చేరతాయి. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా సరే, ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో కారును ఆన్ చేసి వేడెక్కనివ్వకూడదని నేను తెలిసిన ప్రతివారికీ చెబుతుంటాను. మన పిల్లలు పడుకునే గదులు చాలా ఇళ్లలో సరిగ్గా గ్యారేజీ పైనే ఉంటాయి.

ఆ సందులు ఎక్కడెక్కడ ఉంటాయో ఒకసారి తెలిస్తే వెతకడం కష్టం కాదు. స్టడ్ల కిందనున్న అడ్డ చెక్కకూ కాంక్రీటుకూ మధ్య సన్నటి గీత, గోడలోకి దూరే ప్రతి తీగ చుట్టూ ఉన్న రంధ్రం, నీటి గొట్టం చుట్టూ కోసి వదిలేసిన ఖాళీ, స్విచ్చి పెట్టె చుట్టూ డ్రైవాల్ అంచు. అన్నిటికన్నా పెద్దది మాత్రం పైన, ఇంటి నేలను మోసే దూలాలు గ్యారేజీ కప్పులోకి సాగే చోట ఉంటుంది. రెండు దూలాల నడుమ ఫైబర్‌గ్లాస్ (గాజు నూలు) ముక్కొకటి కుక్కి వదిలేసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి, ఫైబర్‌గ్లాస్ గాలిని వడగడుతుంది తప్ప ఆపదు. అక్కడ గట్టి ఫోమ్ పలకను కొలతకు కోసి అమర్చి, చుట్టూ ఫోమ్ కొట్టి మూయాలి. ఆ ఫోమ్ ప్లాస్టిక్కే కనుక మంటకు దొరక్కుండా దాని మీద మళ్లీ జిప్సం పలక రావాలి. టార్చిలైటు పట్టుకుని ఈ గోడ చుట్టూ తిరిగిన సాయంత్రమే మొత్తం పనిలో అత్యంత విలువైన సమయమని నేను భావిస్తున్నాను. ఆపైన ఇంట్లో పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో, దాని మీద ముద్రించిన గడువు దాటిందో లేదో చూడాలి.

రెండవది కరెంటు. గోడలు తెరిచి ఉన్నప్పుడు తీగ లాగడం చాలా తేలిక, మూసిన తరువాత అదే పనికి గోడ కోయాలి, మళ్లీ అతకాలి, మళ్లీ రంగు వేయాలి. ఈనాడు విద్యుత్ కారు లేకపోయినా రేపు కొనే ఆలోచన ఏమాత్రం ఉన్నా, 240 వోల్టుల తీగనో, కనీసం తరువాత తీగ లాగడానికి వీలుగా ఖాళీ గొట్టాన్నో ఇప్పుడే వేయించుకోవడం తెలివైన పని. దీనికి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌నే పిలవాలి. గ్యారేజీలోని ప్లగ్గులన్నిటికీ షాకు తగలబోతే వెంటనే కరెంటు ఆపేసే జీఎఫ్‌సీఐ రక్షణ ఉండాలి. మన ఇళ్లలో గ్యారేజీలోనే అదనపు ఫ్రిజ్జు పెట్టి, గ్రైండరుకూ బియ్యం బస్తాలకూ అక్కడే చోటిస్తాం కాబట్టి, ఏ గోడకు ఎన్ని ప్లగ్గులు కావాలో ఇంట్లో వంట చేసేవాళ్లను అడిగి నిర్ణయించడం మంచిది.

తీగ విషయంలో రెండు చిన్న సంగతులున్నాయి. స్టడ్‌కు రంధ్రం చేసి తీగ దూర్చినప్పుడు ఆ రంధ్రం అంచునుంచి స్టడ్ ముఖం వరకు కనీసం ఒకటింపావు అంగుళం చెక్క ఉండాలి. అంత లేకపోతే స్టడ్ ముఖం మీద ఒక చిన్న ఉక్కు రేకు కొట్టాలి, లేదంటే డ్రైవాల్ బిగించే స్క్రూ నేరుగా తీగలోకి దిగవచ్చు. రెండవది, స్విచ్చి పెట్టెను స్టడ్ ముఖానికి సరిసమానంగా కాక, పైన రాబోయే పలక మందమంత ముందుకు బిగించాలి. పైన ప్లైవుడ్ వంటి మండే పదార్థం వస్తుంటే పెట్టె అంచు దానికి సరిగ్గా సమానంగా ఉండాలి, ఏమాత్రం లోపలికి పోకూడదు. ఇవి పూర్తయ్యాక ప్రతి గోడకూ ఒక టేపు అడ్డంగా పట్టి ఫోటోలు తీసుకున్నాం. తీగ ఏ ఎత్తున, మూలనుంచి ఎంత దూరాన పోతోందో ఆ ఫోటోల్లో అంగుళాలతో సహా కనిపిస్తుంది. అల్మారా బిగించవలసి వచ్చిన ప్రతిసారీ వాటినే తెరిచి చూస్తున్నాం.

అనుమతి పత్రం గురించి ఒక్క మాట. కొత్తగా కరెంటు పని చేస్తే దాదాపు అన్ని ఊళ్లలోనూ అనుమతి కావాలి, గోడ మూసేముందు ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. దీన్ని చాలామంది తలనొప్పిగా భావిస్తారు గానీ, మన ఇంటి గోడ లోపలిని మనకన్నా ఎక్కువ తెలిసిన మరో మనిషి ఒకసారి నిదానంగా చూడడం మనకు మేలు చేసేదే.

ఇప్పుడు ఇన్సులేషన్. ముందు స్టడ్ లోతు కొలవాలి. రెండూ నాలుగు (టూ బై ఫోర్) అని పిలిచే చెక్క నిజానికి ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల లోతు మాత్రమే ఉంటుంది, రెండూ ఆరు అనేది అయిదున్నర అంగుళాల లోతు ఉంటుంది. మూడున్నర లోతులో ఫైబర్‌గ్లాస్ పెడితే ఆర్-13, కాస్త దట్టమైన రకమైతే ఆర్-15 వస్తుంది. అయిదున్నర లోతులో ఆర్-21, రాతి ఉన్ని (రాక్‌వుల్)తో ఆర్-23 వరకు వస్తుంది. మందమైన దాన్ని తెచ్చి పలుచటి గోడలో అణచి కుక్కితే, అట్ట మీద రాసిన విలువ రాదు. ఈ పదార్థాల్లో చలిని ఆపేది గాజు నూలు కాదు, దాని పోగుల నడుమ కదలకుండా నిలిచిన గాలి. అణిచినప్పుడు ఆ గాలికి ఉన్న మందం తగ్గిపోతుంది. మరొక సంగతి, గోడలో నాలుగో వంతు వరకు చెక్కే ఉంటుంది, చెక్క ఆర్ విలువ అంగుళానికి సుమారు 1.25 మాత్రమే. కాబట్టి ఆర్-13కూ ఆర్-15కూ మధ్య తేడా గురించి తల బద్దలు కొట్టుకోవడం కన్నా, ఉన్నదాన్ని ఖాళీ లేకుండా కూర్చడం మీద శ్రద్ధ పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. నేను రాతి ఉన్నిని ఇష్టపడతాను. అది మంటకు కరగదు, నీటిని తొందరగా పీల్చదు, రంపపు పళ్లున్న కత్తితో కోస్తే అంచు తిన్నగా వస్తుంది, రెండు స్టడ్ల నడుమ బిగుతుగా తనంతట తాను నిలబడుతుంది. ధర ఎక్కువన్నది నిజమే.

కూర్చడంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది తీగల దగ్గర. గోడలో అడ్డంగా తీగ పోతుంటే ఇన్సులేషన్‌ను దాని ముందునుంచి నొక్కేస్తే, తీగ వెనక ఆ పొడవునా ఖాళీ మిగిలిపోతుంది. అలాకాక ముక్కను మందంలో సగానికి చీల్చి, ఒక సగాన్ని తీగ వెనకకు జార్చి, రెండవ సగాన్ని తీగ ముందు నిలపాలి. స్విచ్చి పెట్టె దగ్గర వెనక వైపుకు పలుచటి పొర పోనిచ్చి, ముందు భాగాన్ని పెట్టె ఆకారానికి కోయాలి. ఉమ్మడి గోడలో నీటి గొట్టం ఉంటే దానికీ గ్యారేజీకీ మధ్యనే ఇన్సులేషన్ ఉండాలి, గొట్టానికీ ఇంటికీ మధ్య ఉండకూడదు. అలా ఉంటే ఇంటి వెచ్చదనం గొట్టాన్ని చేరక, అది గడ్డకట్టి పగిలే ప్రమాదం పెరుగుతుంది.

తేమ సంగతి అన్నిటికన్నా సూక్ష్మమైనది. గ్యారేజీలో హీటరు పెట్టి పదిహేను సెల్సియస్ డిగ్రీల దగ్గర ఉంచుతున్నామనుకుందాం. కారుకు అంటుకుని వచ్చిన మంచు కరిగి నేల తడుస్తుంది, గాలిలో తేమ యాభై శాతానికి చేరుతుంది. అటువంటి గాలి సుమారు అయిదు డిగ్రీలున్న ఏ తలాన్ని తాకినా నీరు కడుతుంది. ఇన్సులేషన్ పెట్టాక బయటి చెక్క పలక లోపలి ముఖం అంతకన్నా ఎంతో చల్లగా ఉంటుంది, అంటే వెచ్చటి గాలి దానిదాకా చేరితే నీరు అక్కడే చేరి చెక్కను నానబెడుతుంది. అందుకే ఇటువంటి చలి ప్రాంతాల్లో ఆవిరిని అడ్డుకునే పొర లోపలి వైపున, అంటే డ్రైవాల్‌కు వెనకనే ఉండాలి. ఇన్సులేషన్‌కు అతికించి వచ్చే గోధుమరంగు కాగితమైనా సరే, విడిగా పరిచే పాలిథీన్ షీటైనా సరే. టెక్సస్‌లో ఉన్న మా తమ్ముడు తానూ ఇలాగే పాలిథీన్ వేయాలా అని అడిగితే వద్దన్నాను. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం ఉక్కపోతే, తేమ బయటినుంచి లోపలికి నడుస్తుంది, ఏసీ చల్లదనానికి పాలిథీన్ వెనకవైపునే నీరు కట్టి గోడ ఎండే దారి మూసుకుపోతుంది. ఒక ఊరికి మంచిదైన గోడ మరో ఊరికి చెరుపు చేయవచ్చు. ఆ గోధుమరంగు కాగితానికి నిప్పు తొందరగా అంటుకుంటుంది, తెరిచి ఉంచవద్దన్న హెచ్చరిక దాని మీదే ముద్రించి ఉంటుంది. కాగితం ఉన్న ఇన్సులేషన్ పెట్టి, డ్రైవాల్ వచ్చే ఏడు వేద్దామని వదిలేసిన గ్యారేజీలను చూసినప్పుడు నాకు భయం వేస్తుంది.

కప్పును వదిలేసి గోడలు మాత్రమే చేయడం మూత లేని గిన్నెలో నీళ్లు మరిగించడమే. వెచ్చటి గాలి పైకే పోతుంది కాబట్టి కప్పుకూ ఇన్సులేషన్ ఉండాలి, కాకపోతే అటక గాలి ఆడే దారులు మూయకుండా చూసుకోవాలి.

డ్రైవాల్ బిగించడం శ్రమే గానీ రహస్యమేమీ లేదు. ముందు కప్పు, తరువాత గోడలు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల పలకను అడ్డంగా పెట్టి, పై వరుస ముందు బిగించి, కింది వరుసను దానికి ఆనించాలి. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా, అందులో చిన్న గుంట పడేలా మాత్రమే దిగాలి. కాగితం చిరిగితే ఆ స్క్రూకు పట్టు ఉండదు. గ్యారేజీలో ప్రత్యేకంగా ఆలోచించవలసింది అడుగు భాగం. ఇక్కడ నేల సమతలంగా ఉండదు, నీరు తలుపువైపు పోవడానికి అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం చొప్పున వాలు ఇస్తారు. ఇరవై అడుగుల పొడవున అది రెండున్నర అంగుళాలు. రసమట్టం పెట్టి పలకను తిన్నగా బిగిస్తే కింద ఖాళీ తలుపువైపు పోను పోను పెరుగుతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి పలకను నేలదాకా దించకూడదు. కారు టైర్లనుంచి కారే మంచునీళ్లలో రోడ్డు మీద చల్లిన ఉప్పు ఉంటుంది, జిప్సం పలక అంచు ఆ నీటిని వత్తిలా పైకి పీలుస్తుంది. కనీసం అర అంగుళం పైకే ఆపి, కింద తడికి చెడని పీవీసీ పట్టీని వాలుకు తగ్గట్టు ఏటవాలుగా కోసి బిగించాం. ఉమ్మడి గోడ కాని గోడలకు డ్రైవాల్‌కు బదులు ప్లైవుడ్ వేసుకునేవాళ్లు ఉన్నారు, ఎక్కడ కావాలంటే అక్కడ కొక్కేలు బిగించుకోవచ్చన్నది వారి వాదన. అది సమంజసమైనదే. ఉమ్మడి గోడకు మాత్రం ప్లైవుడ్ కావాలనుకుంటే జిప్సం పలక మీదే వేయాలి, దాని స్థానంలో వేయకూడదు.

అతుకులకు లప్పం పెట్టడం మన పెయింటర్ల పనికి దగ్గరగా ఉంటుంది, అందువల్ల నాకు ఈ దశ అంటే మక్కువ. పలకల పొడవాటి అంచులు కొంచెం పలుచగా చేసి ఉంటాయి, రెండు కలిసినచోట ఒక లోతులేని పల్లం ఏర్పడుతుంది. అందులో లప్పం పూసి, కాగితపు టేపును దానిలోకి నొక్కి, అదనంగా ఉన్నదాన్ని రేకుతో లాగేయాలి. టేపు కింద లప్పం లేనిచోట తరువాత బుడగ లేస్తుంది, కాబట్టి పొడవునా వేలితో తడిమి చూడాలి. ఆరిన తరువాత మరింత వెడల్పాటి రేకుతో రెండో పూత, ఇంకా వెడల్పుతో మూడో పూత. మూడో పూత అంచులు ఎక్కడ ఆగాయో చేతికి తెలియకూడదు. దీపాన్ని గోడకు ఆనించినట్టు పక్కనుంచి పట్టుకుంటే కంటికి కనబడని ఎగుడుదిగుళ్లు కూడా నీడలై బయటపడతాయి. ఉప్పుకాగితంతో రుద్దే ముందు ఎన్95 మాస్కు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. డబ్బాలో కలిపి వచ్చే లప్పం ఆరడానికి కనీసం పది సెల్సియస్ డిగ్రీల వెచ్చదనం కావాలి, గడ్డకడితే పాడవుతుంది. అందువల్ల మిన్నెసోటాలో ఈ పనికి మే నుంచి సెప్టెంబరు వరకే అనువైన కాలం. ఉమ్మడి గోడలో అతుకులకు టేపు పెట్టడం అందం కోసం కాదు, మంటకూ పొగకూ సందు లేకుండా చేయడం కోసం. అక్కడ రుద్ది నునుపు చేయకపోయినా ఫరవాలేదు, టేపు మాత్రం మానకూడదు.

హీటరు పెట్టుకునేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. గ్యాసుతో మండే హీటరు నిప్పు అందువల్ల నేలకు కనీసం పద్దెనిమిది అంగుళాల ఎత్తున ఉండాలి, దాని పొగ గొట్టం ద్వారా బయటికి పోవాలి. హీటరు లేకుండా ఇన్సులేషన్ ఒక్కటే గదిని వేడి చేయదు. బయటి చలి లోపలికి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది, ఇంటినుంచీ కారు ఇంజనునుంచీ వచ్చిన కాస్త వెచ్చదనాన్ని మరికొంతసేపు నిలుపుతుంది, అంతే.

ఇక మిగిలింది పెద్ద తలుపు. దానికి ఫోమ్ పలకలు అతికించే కిట్లు దొరుకుతాయి గానీ, వాటితో తలుపు బరువు పెరుగుతుంది, పెరిగిన బరువుకు తగ్గట్టు స్ప్రింగును సరిచేయకపోతే తలుపును ఎత్తే మోటారు మీద భారం పడుతుంది. తలుపు పైనుండే ఆ స్ప్రింగులో మనిషిని తీవ్రంగా గాయపరచగలిగినంత శక్తి బిగిసి ఉంటుంది కాబట్టి, దాన్ని ఆ పని తెలిసినవాళ్లే ముట్టుకోవాలి. మేం ప్రస్తుతానికి తలుపు కింది రబ్బరు పట్టీనీ, పక్కల పట్టీలనూ మార్చి, గాలి దూరే సందులు మూశాం. కిట్టు వేయించాలా, ఇన్సులేషన్‌తోనే తయారైన కొత్త తలుపు కొనాలా అన్నది రెండింటి ధరలూ కనుక్కున్నాక తేల్చుకుంటాం.